డెక్కు టిక్కెట్టు, నేల టిక్కెట్టు, బిజినెస్ క్లాసు



ఈ వారం రాస్తానన్న వ్యాసం ఇది కాదు. అది వచ్చే వారానికి వాయిదా. మా స్టాఫ్ రూములో పడిన ఒక మాట నన్ను పది రోజులుగా పుస్తకాల చుట్టూ తిప్పింది. అందులో దొరికినదాన్ని మీ ముందు పెడుతున్నాను. పొడవు ఎక్కువే. బస్సులో కూర్చుని చదువుకోండి.

విషయం చిన్నది. మా చిన్నమ్మ కువైట్‌లో 19 ఏళ్లు ఇంటిపని చేసి, ఇక వెళ్లనని తిరిగొచ్చేసింది. యజమాని తీసిచ్చిన టిక్కెట్టు ఎకానమీ. ప్రయాణానికి వారం ముందు విమాన సంస్థ నుంచి నా మెయిల్‌కి ఒక సందేశం వచ్చింది. బిజినెస్ క్లాసులో సీట్లు మిగిలితే ఇస్తాం, మీరు ఎంత పెట్టగలరో చెప్పండి అని. సంతలో దూడకి తువ్వాలు కింద వేళ్లు పట్టి చేసే బేరం లాంటిదే, కాకపోతే ఫోన్లో. నేను 48 వేలు పెట్టాను. బేరం కుదిరింది.

నా పీహెచ్‌డీ ఫీజులు, సిద్ధాంత గ్రంథం టైపింగు, బైండింగు అన్నీ ఆమె పంపిన దీనార్లే. ఆ బాకీ 48 వేలతో తీరేది కాదు. కానీ ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. కువైట్ నుంచి హైదరాబాద్ ఐదు గంటలు. ఆ ఐదు గంటలైనా కాళ్లు చాపుకుని రావాలనుకున్నాను, అంతే.

స్టాఫ్ రూములో ఈ సంగతి నోరు జారాను. ఒక సహోద్యోగి నవ్వుతూ, "గల్ఫుకి పనికెళ్లినవాళ్లకి కూడా బిజినెస్ క్లాసేనా మేడమ్? డబ్బు దండగ కదండీ" అన్నారు.

ఆయన చెడ్డవాడేం కాదు. నా పిల్లల ఫీజు గురించి ఎలా అడుగుతారో ఇదీ అలాగే అడిగారు. కానీ తెలుగు పాఠం చెప్పుకుని బతికేదాన్ని కదా, ఆ వాక్యంలో నాకు 'దండగ' కంటే ముందు 'కూడా' వినపడింది. దండగా కాదా అన్నది డబ్బు లెక్క. 'కూడా' అన్నది చరిత్ర లెక్క. రెండూ వేద్దాం.

ముందు డబ్బు లెక్క

కుర్రాళ్లు నన్ను నిజంగానే అడిగారు, అమెరికా వెళ్లేటప్పుడు ఈ అప్‌గ్రేడ్‌కి డబ్బు పెట్టొచ్చా అని. కాబట్టి నేరుగా చెబుతాను.

ఎకానమీలో ఒక సీటు వీపు నుంచి ముందు సీటు వీపుకి మామూలుగా 30 నుంచి 32 అంగుళాలు. బిజినెస్ క్లాసు అనగానే పడుకునే మంచం అనుకోకండి. దూరప్రయాణాల్లో చాలా విమానాల్లో సీటు మంచంలా పరుచుకుంటుంది. గల్ఫు నుంచి మనకి వచ్చే చిన్న విమానాల్లో చాలావాటిలో అది వెనక్కి వాలే పెద్ద కుర్చీ మాత్రమే. డబ్బు పెట్టే ముందు ఏ విమానమో చూసుకోవాలి. ఇంకో మెలిక సామాను. బిజినెస్ టిక్కెట్టు మొదటే కొంటే ఎక్కువ కిలోలు ఇస్తారు. వేలంలో పాడుకున్న సీటుకి చాలా సంస్థలు పాత టిక్కెట్టు కిలోలే ఉంచుతాయి. గల్ఫు నుంచి వచ్చే మనిషికి సీటు కంటే అట్టపెట్టె ముఖ్యం. ఇది నాకు ముందు తెలీదు. చిన్నమ్మ రెండు పెట్టెలు అక్కడే స్నేహితురాలి దగ్గర వదిలేసి వచ్చింది.

కాళ్లలో రక్తం గడ్డకడుతుందన్న భయంతో కొందరు అప్‌గ్రేడ్ చేసుకుంటారు. దానికి 'ఎకానమీ క్లాస్ సిండ్రోమ్' అని పేరు కూడా పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పిందేమిటంటే, నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చుంటే ఆ ప్రమాదం రెట్టింపవుతుంది, కానీ కారణం కదలకపోవడమే. బస్సులోనైనా, రైల్లోనైనా, బిజినెస్ క్లాసులోనైనా అదే. లేచి నాలుగడుగులు వేయడానికి 48 వేలు అక్కర్లేదు.

ఇక ధర. 48 వేలని ఐదు గంటలతో భాగిస్తే గంటకి 9,600. కువైట్ ప్రభుత్వం 2016లో ఇంటిపనివాళ్లకి నెలకి 60 దీనార్లు కనీస వేతనంగా నిర్ణయించింది. దీనారు 270 రూపాయలనుకుంటే నెలకి 16 వేల పైచిలుకు. అంటే ఆ ఐదు గంటల కుర్చీ ఒక పనిమనిషి మూడు నెలల కనీస వేతనం. నా సహోద్యోగి లెక్క తప్పేం కాదు. డబ్బు దండగే.

కానీ ఒక ప్రశ్న. ఇంత దండగైతే ఆ సీట్లు రోజూ ఎవరితో నిండుతున్నాయి?

ఈ తరగతులు ఆకాశంలో పుట్టినవి కావు. మొదట్లో విమానం అంటే డబ్బున్నవాడి బండి. అట్లాంటిక్ దాటే విమానాల్లో 1952లో చౌక రకం 'టూరిస్ట్' తరగతి పెట్టారు. 1958లో ఇంకా చౌకగా 'ఎకానమీ' వచ్చింది. 1970ల చివర్లో కంపెనీ పనుల మీద తిరిగేవాళ్లు పూర్తి ధర కట్టి, రాయితీ టిక్కెట్ల జనం పక్కన కూర్చోవాల్సి వస్తోందని గొణుక్కోవడం మొదలైంది. వాళ్లకోసం మధ్యలో ఒక తెర వేశారు. ఆస్ట్రేలియాకి చెందిన క్వాంటాస్ 1979లో 'బిజినెస్ క్లాస్' అన్న పేరుతోనే ఆ తరగతి నడిపింది. పేరులోనే ఉంది గుట్టు. అది వ్యాపారం మీద వెళ్లేవాడి తరగతి. బిల్లు కట్టేది అతను కాదు, కంపెనీ.

మన దేశంలో ప్రభుత్వమే కడుతుంది. ఏడో వేతన సంఘం తర్వాతి నిబంధనల ప్రకారం కేంద్ర ఉద్యోగుల్లో పే లెవెల్ 14, ఆపైన ఉన్నవాళ్లకి అధికారిక ప్రయాణాల్లో బిజినెస్ క్లాసు. లెవెల్ 6 నుంచి 13 దాకా ఎకానమీ. లెవెల్ 5, ఆ కిందవాళ్లకి విమానం లేదు, రైలే. మోకాళ్ల నొప్పి ఎవరికుందని ఆ పట్టికలో ఎక్కడా అడగరు. హోదా ఎంత అని అడుగుతారు. కాబట్టి ఆ సీటులో కూర్చునే చాలామందికి 'ఇది దండగా?' అన్న ప్రశ్నే రాదు. ఆ ప్రశ్న జేబులోంచి తీసి కట్టేవాళ్లకే వస్తుంది. మా చిన్నమ్మలాంటి వాళ్లకోసమైతే పక్కవాళ్లకి కూడా వస్తుంది.

డెక్కు టిక్కెట్టు

ఇక చరిత్ర లెక్క. మా ఇంట్లో సముద్రం దాటిన మొదటి మనిషి చిన్నమ్మ కాదు. అమ్మకి ముత్తాత 'రంగం' వెళ్లాడని ఇంట్లో చెప్పుకునేవారు. రంగం అంటే రంగూన్. మా పేట నుంచి నడిచి ఎదుర్లంక రేవుకి, పడవ మీద గౌతమి దాటి యానాం, అక్కణ్నుంచి కాకినాడ, కాకినాడలో ఓడ. యానాం అవతలే కోరంగి. ఒకప్పుడు పెద్ద ఓడరేవు. 1839 నవంబరు ఉప్పెన దాన్ని ముంచేసింది. రేవు పోయినా పేరు పోలేదు. బర్మాలో తెలుగు కూలీలందరికీ 'కోరంగీ'లన్నదే పేరు. శ్రీకాకుళం నుంచి వెళ్లినా, అమలాపురం నుంచి వెళ్లినా అక్కడ కోరంగీయే. అది గౌరవంతో పిలిచే పిలుపు కాదు.

ఆ ఓడలు ఎక్కువగా బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీవి. వాటిలోనూ తరగతులు. కేబిన్లో దొరలు, పెద్ద వర్తకులు. మిగతా అందరూ 'డెక్ పాసింజర్లు'. గది ఉండదు, మంచం ఉండదు. ఓడ పైతట్టు మీద ఎవరి చాప వాళ్లు పరుచుకోవడం, ఎవరి మూట వాళ్లు తలకింద పెట్టుకోవడం. టిక్కెట్టు డబ్బు కూడా చాలామందికి సొంతం కాదు. మేస్త్రీ అప్పుగా ఇచ్చేవాడు. రంగంలో దిగిన దగ్గర్నుంచి ఆ అప్పు కూలిలో కోసుకునేవాడు. ఏ తరగతిలో వెళ్లాలన్నది మన ఇష్టానికి వచ్చే ప్రశ్న కాదు అప్పుడు.

1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. రంగూన్ నగరంలో సగానికి పైగా వాళ్లే. రేవులో బరువులు మోసింది, రిక్షాలు లాగింది, ధాన్యం మిల్లుల్లో బస్తాలు ఎత్తింది ఎక్కువగా తెలుగువాళ్లు. 1930 మే నెలలో కూలి పెంచమని తెలుగు రేవు కార్మికులు సమ్మె చేశారు. వాళ్ల చోట బర్మా కూలీల్ని పెట్టారు. సమ్మె తీరి మనవాళ్లు తిరిగి పనికి రాగానే ఇద్దరి మధ్యా కొట్లాట రేగి ఊరంతా పాకింది. చచ్చింది రెండువైపులా పేదలే, ఎక్కువమంది తెలుగువాళ్లు.

1941 డిసెంబరు 23న జపాన్ రంగూన్ మీద బాంబులు వేసింది. అప్పుడు తెలిసింది టిక్కెట్టు తరగతి అంటే ఏమిటో. ఓడల్లో చోటు కొందరికే. డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్లు ఎక్కారు. డెక్కు జనం నడిచారు. నాలుగైదు లక్షల మంది కొండలూ అడవులూ దాటి అస్సాం, మణిపూర్, చిట్టగాంగ్ వైపు నడిచారని అంచనా. దారిలో కలరాతో, మలేరియాతో, ఆకలితో పోయినవాళ్లు వేలల్లో. ఆ దారుల్లో కూడా తెల్లవాళ్లకి ఒకటి, నల్లవాళ్లకి ఒకటి ఉన్నాయని ఆనాడే గొడవైంది. ముత్తాత తిరిగొచ్చాడు. ఆ నడక గురించి ఎవరికీ ఏమీ చెప్పలేదంటారు. ఓడ గురించి మాత్రం ఒక్క మాట చెప్పేవాడట: వానొస్తే డెక్కు మీద నిలబడే నిద్రపోయేవాళ్లమని.

మామూలు రోజుల్లో తరగతి అంటే సుఖం తేడా. చెడ్డ రోజున అది ప్రాణం తేడా. విమానంలో తెర చూసినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది.

నేల టిక్కెట్టు

తరగతి అన్న మాట మన ఊళ్లలో నేర్పింది బడి ఒక్కటే కాదు, సినిమా హాలు కూడా. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ. నేల టిక్కెట్టువాడికి తెర దగ్గర. బాల్కనీవాడికి జనం దూరం. అందుకే దానికి ధర ఎక్కువ. మా నాన్న ఉద్యోగం వచ్చిన మొదటి నెల అమలాపురంలో బాల్కనీ టిక్కెట్టు కొన్నాడట. సినిమా ఏదో గుర్తులేదనేవాడు. ఇంటర్వెల్లో కిందికి చూస్తే నేలలో మా పేట కుర్రాళ్లు కనపడి చెయ్యూపారని, తనకి తిరిగి చెయ్యూపడానికి సిగ్గేసిందని మాత్రం చెప్పేవాడు. ఎందుకు సిగ్గేసిందో నేను చాలా ఏళ్లు అనుకున్నదాని ప్రకారం, వాళ్లని వదిలి పైకి వెళ్లినందుకు. ఇప్పుడనిపిస్తోంది, పక్క సీట్లవాళ్లు చూస్తారేమోనని కూడా అయ్యుండొచ్చు.

నాన్న భయం ఊరికే పుట్టింది కాదు. మన సభల్లో చుండూరు గురించి ఎన్నోసార్లు విన్నారు. అది మొదలైన చోటు ఒకసారి గుర్తు చేసుకోండి. 1991 జూలైలో చుండూరు సినిమా హాల్లో చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు ముందు సీటులో కూర్చున్న రెడ్డి కుర్రాడికి తగిలిందన్నది తగాదా. తర్వాత కొట్టడం, తర్వాత సాంఘిక బహిష్కారం. ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని వెంటాడి చంపి, శవాల్ని గోనెసంచుల్లో కట్టి తుంగభద్ర డ్రెయిన్లో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు కొట్టేసింది.

కాలు తగలడం వల్లే ఎనిమిది ప్రాణాలు పోయాయని ఎవరూ నమ్మక్కర్లేదు. చుండూరు దళితులు చదువుకున్నారు, రైల్వేలో ఉద్యోగాలు తెచ్చుకున్నారు, పొలం పని మీదే బతకాల్సిన అవసరం తగ్గించుకున్నారు. హాల్లో అవతలివాళ్లతో సమానంగా కూర్చునేంత పైకి వచ్చారు. వాళ్ల కాలు నిన్నటిదాకా ఉన్న చోట లేదు. తగాదా ఆ చోటు గురించి.

ఇప్పుడు 'కూడా' అన్న మాట దగ్గరికి రండి. టిక్కెట్టు ధర అందరికీ ఒకటే. ఆ సీటులో నువ్వు కూడా కూర్చున్నావా అన్న ఆశ్చర్యం మాత్రం కొందరికే ఉచితంగా దొరుకుతుంది.

రెట్టింపు కిరాయి

అంబేడ్కర్ తన అనుభవాలు రాసుకున్న చిన్న పుస్తకం 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. గల్ఫు కుటుంబాల పిల్లలు ఆ పేరు చూసి ఇంకేదో అనుకుంటారు. అందులో మొదటి ప్రయాణం 1901 నాటిది. తండ్రి గోరేగావ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పిల్లలు వేసవికి అక్కడికి బయల్దేరారు. ఇంగ్లీషు బట్టతో చొక్కాలు, మెరిసే టోపీలు, కొత్త బూట్లు, పట్టంచు పంచెలు కొనుక్కున్నారు. మసూరు స్టేషన్లో దిగితే స్టేషన్ మాస్టరు పెద్దింటి పిల్లలనుకుని దగ్గరికొచ్చి పలకరించాడు. మహర్లమని చెప్పగానే మొహం మారింది. బండివాళ్లెవరూ రామన్నారు. చివరికి రెట్టింపు కిరాయి ఇస్తే ఒకడు ఒప్పుకున్నాడు, బండి మాత్రం పిల్లలే తోలుకోవాలన్న షరతు మీద. రాత్రంతా దాహం. డబ్బు చేతిలో ఉంది, అన్నం డబ్బాలో ఉంది, నీళ్లు లేవు.

ఇది అప్‌గ్రేడ్ కథ కాదా? బట్టలు మార్చారు, కిరాయి రెట్టింపు కట్టారు. బండి దొరికింది, బండివాడి పక్కన మనిషిగా చోటు దొరకలేదు.

రెండోది 1929, చాలీస్‌గావ్. అప్పటికి ఆయన కొలంబియాలో, లండన్లో చదివొచ్చిన డాక్టర్ అంబేడ్కర్. అక్కడి మన పేటవాళ్లు, తమ అతిథి నడిచి రావడం తమకి అవమానమని టాంగా కోసం పట్టుపట్టారు. టాంగావాళ్లెవరూ అంటరానివాణ్ని ఎక్కించుకుని తోలమన్నారు. బండి అద్దెకి తీసుకుని, తోలడం రాని మనవాణ్నే కూర్చోబెట్టారు. కల్వర్టు మీద బండి అదుపు తప్పింది. ఆయన రాళ్ల మీద విసిరికొట్టినట్టు పడ్డాడు, దెబ్బలు గట్టిగా తగిలాయి. గౌరవం కోసం చేసిన ఖర్చు గాయమైంది. ఆ పేటవాళ్లని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. నేను 48 వేలు కట్టినప్పుడు నా లోపల ఉన్నదీ అదే అని ఇప్పుడు తెలుస్తోంది.

గాంధీ కథ దీనికి ఎదురుగా పెట్టి చూడండి. 1893లో పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో ఫస్టు క్లాసు టిక్కెట్టు ఉన్నా ఆయన్ని రైల్లోంచి దించేశారు. అది అన్యాయమే. తర్వాత భారతదేశంలో ఆయన కోరి మూడో తరగతిలో తిరిగాడు, 1917లో ఆ పెట్టెల మురికి గురించి రాశాడు. ఆ రాత వల్ల మేలే జరిగింది. కానీ కిందికి దిగి కూర్చోవడం త్యాగం కావాలంటే ముందు పైన ఒక సీటు ఉండాలి. పుట్టుకతోనే కింద కూర్చున్నవాణ్ని ఎవరూ త్యాగి అనరు. అతను పైకి లేస్తే మాత్రం దండగ అంటారు.

2009 సెప్టెంబరులో ఢిల్లీ పెద్దలు పొదుపు పేరుతో కొన్నాళ్లు ఎకానమీ ఎక్కారు. అప్పటి విదేశాంగ సహాయమంత్రి శశి థరూర్ ట్విట్టర్లో ఆ తరగతిని 'కేటిల్ క్లాస్' అన్నాడు, అంటే పశువుల తరగతి. తర్వాత క్షమాపణ చెప్పాడు. నన్ను ఆ మాట కంటే ఆ పొదుపే ఎక్కువ నవ్వించింది. మనవాళ్లు జీవితాంతం కూర్చునే సీటులో రెండు గంటలు కూర్చుంటే అది దేశసేవ అయింది.

మన జిల్లా సంగతి ఎందుకు వదలాలి? ముత్తాత పడవ ఎక్కిన ఎదుర్లంక రేవు దగ్గర ఇప్పుడు వంతెన ఉంది. దానికి జి.ఎం.సి. బాలయోగి పేరు. ఆ ఊరి బిడ్డే. 1998లో లోక్‌సభ స్పీకరు కుర్చీ ఎక్కిన మొదటి దళితుడు. దేశంలో అంతకన్నా ఎత్తైన కుర్చీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అలాంటి మనిషిని ఇచ్చిన కోనసీమలో 2022 మే 24న ఏమైంది? జిల్లా పేరుకి ముందు అంబేడ్కర్ పేరు చేరుస్తామంటే అమలాపురంలో మంత్రి ఇంటికీ ఎమ్మెల్యే ఇంటికీ నిప్పు పెట్టారు. పేరు నిలిచింది. కానీ ఆ సాయంత్రం పొగ చూసినవాళ్లకి అర్థమైంది: మనలో ఒకరు ఎక్కిన సీటు వేరు, మనందరికీ ఒప్పుకున్న చోటు వేరు.

నారింజ రంగు

చిన్నమ్మ చదివింది ఏడో తరగతి. పది పాసవని వాళ్ల పాస్‌పోర్టు 'ఈసీఆర్' రకం. అంటే గల్ఫుతో కలిపి 18 దేశాలకి పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకి కనీసం 30 ఏళ్లు ఉండాలి. మోసాల నుంచి కాపాడటానికే పెట్టిన నియమాలివి. కాదనను. కానీ 2018 జనవరిలో విదేశాంగ శాఖ ఒక ప్రకటన చేసింది. ఈసీఆర్‌వాళ్లకి నారింజ రంగు పాస్‌పోర్టు, మిగతావాళ్లకి ఎప్పటి నీలం. చదువులేని కూలీల్ని రంగుతో దూరం నుంచే గుర్తుపట్టేలా చేస్తారా అని గొడవ లేచింది. అదే నెలాఖరున వెనక్కి తీసుకున్నారు. ఆ మూడు వారాలు చిన్నమ్మ ఫోన్లో ఒకటే అడిగేది: "నాదీ మార్చేత్తారంటే?" విమానం ఎక్కకముందే, సీటు నెంబరు రాకముందే, చేతిలో పుస్తకం రంగుతోనే తరగతి తేలిపోయేది.

ఆమె 19 ఏళ్లు పడుకున్న గది వంటింటి వెనక. కిటికీ లేదు. ఇస్త్రీ బల్లా, ఉల్లిపాయల బస్తా, ఆమె పరుపూ అందులోనే. కువైట్ 2015లో ఇంటిపనివాళ్లకి చట్టం చేసింది. రోజుకి 12 గంటలకి మించకుండా పని, వారానికొక సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు, మానేసేటప్పుడు ఏడాదికొక నెల జీతం లెక్కన డబ్బు. కాగితం మీద మంచి చట్టం. తలుపు మూసిన ఇంట్లో దాన్ని అడిగేదెవరు? ఇంటిపనివాళ్ల హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడిక తెచ్చింది. భారతదేశం దాన్ని ఆమోదించలేదు. మన ఇళ్లలో అంట్లు తోమే ఆడవాళ్లకీ ఆ హక్కులు ఇవ్వాల్సొస్తుంది కదా.

ఐదు గంటలు

ఇక ఆ ప్రయాణం. చిన్నమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

కువైట్ విమానాశ్రయంలో ఎక్కే చోట రెండు వరుసలు. ఆమె ముందు వరుసలోకి వెళ్లబోతే అక్కడున్న అమ్మాయి కాగితం చూడకుండానే పక్క వరుస వైపు చెయ్యి చూపించింది. చిన్నమ్మ వెళ్లి పక్క వరుసలోనే నిలబడింది. "కాగితం చూపించలేకపోయావా?" అని నేను అరిచాను. "పంతొమ్మిదేళ్లు అటెల్లమంటే అటెల్లిన కాళ్లే. వాటంతటవే ఎల్లిపోయాయి" అంది. ఇరవై నిమిషాల తర్వాత ఆమె వంతు వచ్చాక సీటు నెంబరు చూసి, ముందు వరుసలో రావాల్సింది కదా అన్నారట.

సీటు మీటలు తెలీలేదు. పక్కనున్న ముసలాయన చూపించాడు. గాజు గ్లాసులో రసం ఇచ్చారు. "అందరికీ అదే గ్లాసే" అంది, ఆ మాట రెండుసార్లు. మా తాతకి ఊళ్లో టీ బడ్డీ దగ్గర కొబ్బరి చిప్పలో పోసేవారు. అది చూస్తూ పెరిగిన మనిషి.

నిద్రపోయావా అంటే నవ్వింది. "అంత డబ్బెట్టి నిద్దరోతానేంటే? రెప్పెయ్యలేదు." ఐదు గంటలూ మేలుకునే ఉంది. "మరేం చేశావు?" "కాలు చాపుకుని కూకున్నాను. ఎంత చాపినా ఎవరికీ తగల్లేదు."

నాకు చుండూరు గుర్తొచ్చింది. ఆమెకి రాలేదు. మోకాళ్ల సంగతే చెబుతోంది.

తర్వాత తిట్టింది. 48 వేలకి బాత్రూముకి పలకలు పడేవి. రెండు పెట్టెలు అక్కడుండిపోయాయి. అయినా ఐదు గంటలు మెత్తటి కుర్చీ ఇస్తే ఏమొచ్చిందే, ఆ గదికి ఒక కిటికీ పెట్టించలేకపోయారు గానీ అంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నదంతా ఆమె ఆ ఒక్క మాటలో చెప్పేసింది. సీటు మార్చుకోవడం ఒక మనిషి ఒక రోజు కొనుక్కోగలిగేది. గది మారాలంటే చట్టం, సంఘం, అడిగే గొంతు కావాలి. మొదటిది చేసుకోండి, తప్పులేదు. రెండోది మర్చిపోకండి.

అడిగిన కుర్రాళ్లకి నా సలహా. అప్పు చేసి అప్‌గ్రేడ్ కొనకండి, అది మేస్త్రీ అప్పు లాంటిదే. వయసులో ఉంటే, పగటి ప్రయాణమైతే అక్కర్లేదు, మధ్యలో లేచి తిరగండి. పెద్దవాళ్లు, జబ్బున్నవాళ్లు, రాత్రి దూరప్రయాణం అయితే, చేతిలో సొంత డబ్బుంటే, విమానం రకమూ సామాను కిలోలూ చూసుకుని తీసుకోండి. దండగా కాదా అన్నది మీ జేబుని అడగండి. 'కూడా' అన్నవాళ్లని అడగకండి.

స్టాఫ్ రూము సహోద్యోగికి కూడా ఇదే చెప్పాను, ఇంత పొడవుగా కాదు. "అవునండీ, వాళ్లకి కూడా" అన్నాను. ఆయన టీ తాగుతూ ఆగి, ఏదో అనబోయి, ఊరుకున్నారు.

రావులపాలెం వంతెన మీద కారులో గౌతమి దాటుతుంటే చిన్నమ్మ కిటికీ అద్దం దించి చాలాసేపు నీళ్ల వైపు చూసింది. నేను వచ్చే ఏడాది ఒక సదస్సుకి విదేశం వెళ్లాల్సి రావచ్చని చెప్పాను. ఇటు తిరక్కుండానే అంది:

"నువ్వెల్లేటప్పుడు మామూలు టిక్కెట్టే తీసుకోవే. నీ మోకాళ్లు బానే ఉన్నాయిగా."